లైసెన్సుదారు కాలం చేశారు

తుపాకీ అనగానే జనం రెండడుగులు వెనక్కి వేస్తారు. నా విషయంలో అంత అక్కర్లేదు. నేను పేలిన రోజులకన్నా సంతకాలకు హాజరైన రోజులే ఎక్కువ. పిడుగురాళ్లలో ఒక చిన్న సున్నం బట్టీకి కాపలా కాసిన పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకీని నేను. నాకో లైసెన్సు ఉండేది. ఇప్పుడు ఉన్నట్టా లేనట్టా అన్నదే తగువు.

పుట్టింది బీహారులోని ముంగేరులో. 1760లలో బెంగాల్ నవాబు మీర్ ఖాసిం రాజధానిని ముర్షిదాబాదు నుంచి అక్కడికి మార్చి ఆయుధశాల పెట్టించాడు. ఆయన ఇంగ్లీషువాళ్ల చేతిలో ఓడిపోయాడు గానీ ఆ చేతిపని మాత్రం ఊళ్లో ఉండిపోయింది. నా గొట్టాలు ఎవరు సాగదీశారో, కర్ర ఎవరు చెక్కారో నాకు గుర్తు లేదు. నంబరు కొట్టిన సుత్తి దెబ్బ మాత్రం గుర్తుంది. చివరికి నా కొంప ముంచింది ఆ నంబరే.

బెజవాడ దుకాణంలో నన్ను ఎంచుకున్నది మా పెద్దాయన. పిడుగురాళ్ల చుట్టుపక్కల నేలంతా సున్నపురాయే. రాయినీ బొగ్గునూ పొరలుగా పేర్చి కాల్చే బట్టీల వల్లే ఆ ఊరికి లైమ్ సిటీ అని పేరొచ్చింది. పెద్దాయనది వాటిలో చిన్న బట్టీ. కూలీలకు వారం వారం బటవాడా. బ్యాంకులో డబ్బు తీసి, గుడ్డసంచీలో చుట్టి, ఊరి బయట ఉన్న బట్టీ దాకా తేవాలి. ఆ దారి కోసమే నేను.

1959 ఆయుధాల చట్టానికి నా జాతి మీద కాస్త దయ ఉంది. లోపల నునుపుగా ఉండి, గొట్టం ఇరవై అంగుళాలకు తగ్గకుండా ఉన్న తుపాకీని ఆత్మరక్షణకు అడిగితే, కాదనడానికి తగిన కారణం లేకపోతే ఇవ్వాలనే ఉంది అందులో. పిస్తోలుకు లేని మర్యాద ఇది. కొంచెం గర్వంగానే చెబుతున్నాను.

అయితే లైసెన్సు బట్టీకి కాదు, పెద్దాయనకు. బట్టీ దగ్గర నన్ను పట్టుకునేది మిలిటరీలో చేసి వచ్చిన వాచ్‌మన్. యజమాని తరఫున ఆయుధం మోసేవాణ్ణి రిటైనరు అంటారు. అతని పేరు పుస్తకంలో ఎక్కాలి. మనిషి మారితే మళ్లీ అర్జీ, మళ్లీ విచారణ. వాచ్‌మన్‌కు జ్వరమొచ్చిన వారం పెద్దాయన బావమరిది నన్ను భుజాన వేసుకోబోతే, పెద్దాయన వరండాలోంచే అరిచాడు: "ఒరేయ్, దించరా దాన్ని! నువ్వు పట్టుకుంటే నేను జైలుకు పోతా!"

నా ఘనకార్యం ఒక్కటే. ఒక సాయంత్రం సంచీ పట్టుకొస్తున్న గుమాస్తా వెనకే మోటారు సైకిలు మీద ఇద్దరు బట్టీ గేటు దాకా వచ్చారు. వాచ్‌మన్ ఏమీ అనలేదు. నన్ను మధ్యకు విరిచాడు, రెండు తూటాలు పెట్టాడు, ఠక్కున మూశాడు. ఆ చప్పుడు వినగానే బండి వెనక్కి తిరిగింది. తూటాలు తీసి మళ్లీ డబ్బాలో పెట్టేశారు.

పెద్దాయన నన్ను బాగా చూసుకున్నాడనే చెప్పాలి. ఇనప బీరువాలో నా పక్కన గుడ్డమూటలో కాల్చిన సున్నపు గడ్డ ఉంచేవాడు, నాకు తగలకుండా. గాలిలో తేమంతా అది పీల్చుకునేది. కొన్నాళ్లకు గడ్డ పొడిపొడిగా విచ్చుకుంటే పారేసి కొత్తది పెట్టేవాడు. గన్ ఆయిల్ సీసాలు అమ్మే దుకాణదారుకు కూడా తెలియని కిటుకు అది.

నా కష్టాలు మొదలైంది బీరువా దాటిన తర్వాతే. 1990లలో పీపుల్స్‌వార్ దళాలు ఊళ్లలో లైసెన్సు తుపాకులు ఎత్తుకుపోతున్నాయని మమ్మల్ని స్టేషన్లకు తెచ్చి పెట్టమన్నారు. 2004 అక్టోబరులో దళ నాయకులు నల్లమలలోంచి చిన్న ఆరుట్ల మీదుగా బయటికొచ్చి ప్రభుత్వంతో చర్చలకు కూర్చున్నారు. అప్పుడైనా ఇంటికి పోతాననుకున్నా. కొత్త సంవత్సరం మొదట్లోనే చర్చలు చెడిపోయాయి. ఇక ఎన్నికలంటారా, 1994, 1999, 2004, 2009, 2014, 2019. నోటిఫికేషన్ రాగానే ఆయుధాలు డిపాజిట్ చెయ్యమని కబురు. బ్యాంకుల గార్డులకు మినహాయింపు ఉంటుంది. సున్నం బట్టీకి ఎవరిస్తారు? కూలీల బటవాడాకు మాత్రం ఎన్నికల సెలవు లేదు. ఆ వారాల్లో గుమాస్తా సంచీని సద్దిగిన్నెల బుట్ట అడుగున పెట్టుకుని తెచ్చేవాడు.

ఏ స్టేషనో చెప్పను, వాళ్లకూ చోటు చాలదు పాపం. నన్ను పెట్టిన గదిలో నాటుసారా డబ్బాలూ, కేసుల్లో పట్టిన సైకిళ్లూ, ఎవరిదో గేదె పలుపుతాడూ ఉండేవి. ట్రిగ్గరు కమ్మీకి పురికొసతో చీటీ కట్టి గోడకు ఆనించారు. కప్పు కారేది. చుక్క సరిగ్గా నా మడమ మీద పడేది. మొదట పాలిషు తెల్లబడింది, తర్వాత కర్ర ఉబ్బింది, చీటీ మీద సిరా కరిగి పెద్దాయన పేరులో సగం పోయింది. కుడి గొట్టం నోటి దగ్గర ఒక కందిరీగ బురద తెచ్చి గూడు కట్టుకుంది. దాని పిల్లలు ఎగిరిపోయాయి, గూడు ఉండిపోయింది. ఆ గొట్టంతో పేలిస్తే పగిలేది నేనే. పెద్దాయన వచ్చి విడిపించుకున్నాక వరండాలో కూర్చుని పుల్లతో ఆ మట్టి గోకుతూ, ఎవరినీ ఏమీ అనకుండా, మూతి బిగించుకున్నాడు. తుప్పు అప్పటికే నంబరు దాకా పాకింది.

ఇంతా చేసి నా అసలు ఫిర్యాదు ఆయన మీదే. 2016 ఆయుధాల నియమాల్లో ఒక సదుపాయం ఉంది: లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్లు నిండినా, ఆయుధం పాతికేళ్లు దగ్గరున్నా, బతికుండగానే వారసుడు లైసెన్సుకు అర్జీ పెట్టుకోవచ్చు. పెద్దాయనకు రెండు అర్హతలూ ఉన్నాయి. కొడుకు గుర్తు చేస్తే, "నేను పోయాక ఎటూ నీదేగదరా, తొందరేంది?" అనేవాడు. 2019 డిసెంబరు సవరణతో రెన్యువలు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లు అయిందని మురిసిపోయాడు. అయిదేళ్లు ఆయన ఉండలేదు.

లైసెన్సు మనిషితో పోతుందని ఇంట్లో అప్పుడు తెలిసింది. పెద్దకర్మకు వచ్చిన ప్లీడరు బంధువు భోజనాల దగ్గర మెల్లగా చెప్పాడు, బీరువాలో నన్ను ఉంచుకోవడం ఆ క్షణానికి నేరమేనని. మర్నాడే నన్ను డిపాజిట్ చేశారు. గడువులోగా ఎవరూ విడిపించుకోకపోతే జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వుతో సర్కారుపరం అవుతాను.

కొడుకు అర్జీ పెట్టాడు. వారసత్వ పత్రం, డాక్టరు పత్రం, ఆయుధం వాడకంలో శిక్షణ పత్రం, తోబుట్టువుల అంగీకారం. అక్క డల్లాసులో ఉంది. ఆవిడ ఫోనులో పకపకా నవ్వింది. "ఇక్కడ 2021 సెప్టెంబరు నుంచి అర్హత ఉన్నోళ్లు పర్మిట్ లేకుండానే పిస్తోలు పెట్టుకు తిరగొచ్చురా. మన నాన్న తుప్పు తుపాకీకి నా సంతకం నోటరీ చేయించాలా?" అంది. అన్నదే గానీ పంపింది. ఈలోగా 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా వచ్చింది. గుంటూరులో ఉండాల్సిన దస్త్రం నరసరావుపేటకు పోవాలి. రెండూళ్ల మధ్య అది ఎన్నాళ్లు నడిచిందో దానికే తెలియాలి.

విచారణకు వచ్చిన కానిస్టేబులు మంచివాడే. మజ్జిగ తాగి, చుట్టూ చూసి అడిగాడు: "కూలి డబ్బులు ఎట్టా ఇస్తన్నారండీ?"

"ఫోన్‌పేలోనండీ."

"మరి తుపాకీ దేనికండీ?"

కొడుకు దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. నా ఉద్యోగం ఊడగొట్టింది దొంగలూ కాదు, పోలీసులూ కాదు. గేటు పక్కన అంటించిన నలుపు తెలుపు గళ్ల చీటీ.

2024 మే 13న పోలింగు అయ్యాక పల్నాడులో ఏం జరిగిందో మీరు టీవీల్లో చూశారు. 144 సెక్షన్ పెట్టారు, ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీనే సస్పెండ్ చేసింది. సోదాల్లో పెట్రోలు సీసాలు, నాటుబాంబులు దొరికాయి. వాటికి రెన్యువలు తేదీ లేదు, రిటైనరు గడి లేదు, నోటిఫికేషన్ రాగానే స్టేషనుకు వెళ్లి చీటీ కట్టించుకునే అలవాటూ లేదు. నా జాతివాళ్లం మాత్రం బుద్ధిగా తాళం వెనక నిలబడి ఆ కబుర్లు విన్నాం.

ఇప్పుడు నన్ను ఒక ఆయుధాల డీలరు దగ్గరికి మార్చారు. నెలకింత అద్దె. అద్దె కలుపుకుంటూ పోతే నా ధర ఎప్పుడో దాటింది. అమ్మేద్దామంటే కొనేవాడికీ లైసెన్సు కావాలి. "ఆ దరిద్రాన్ని సర్కారుకు రాసిచ్చెయ్యండి" అంటుంది కోడలు. కొడుకు వినడు. తుపాకీ మీద మోజు కాదు; నాన్న వేలిముద్రల అరుగుడు నా కర్ర మీద ఉంది, అంతే.

తాజా చిక్కు నంబరుది. జాతీయ డేటాబేసులో లైసెన్సుదారుకు ఇచ్చే విశిష్ట సంఖ్య కింద నన్ను ఎక్కించినప్పుడు ఎవరో 3ను 8 చేశారు. కాగితంలో ఉన్న తుపాకీ లోకంలో లేదు, లోకంలో ఉన్న నేను కాగితంలో లేను. పోయిన వారం కొడుకు భూతద్దం, చిటికెడు మెత్తని సున్నం పట్టుకొచ్చాడు. డీలరు ఎదుటే సున్నం నా నంబరు మీద రుద్ది, గుడ్డతో పైపైన తుడిచాడు. గాట్లలో తెల్లగా నిలిచింది: 3. అనుమానం లేదు. ఫొటో తీసి పంపాడు.

ఫొటో చెల్లదట. ఆయుధాన్నే తెచ్చి చూపించమన్నారు. లైసెన్సు లేకుండా నన్ను రోడ్డెక్కిస్తే మాత్రం కేసు పెడతారట.