తాళంచెవి పిల్లలకే ఇవ్వండి

జూన్‌లో బడులు తెరవగానే చర్ల, దుమ్ముగూడెం మండలాల లోపలి గూడేల నుంచి ఆరో తరగతి పిల్లలు ట్రంకు పెట్టె, కంచం, గ్లాసు పట్టుకుని ఆశ్రమ పాఠశాలకు వస్తారు. వారం తిరక్కుండానే వాళ్ళను కంప్యూటర్ గదికి తీసుకెళ్ళాలి. మొదట్లో నేనూ అందరిలాగే చేశాను. గుమ్మం దగ్గర చెప్పులు విప్పించి, వరుసలో నిలబెట్టి, "ఏదీ ముట్టుకోకండి, పాడైతే మీ నాన్న డబ్బులు కట్టాలి" అని చెప్పి లోపలికి పంపేవాణ్ణి. పిల్లలు చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడేవారు. ఏడాది చివరికి కూడా సగం మంది మౌసు పట్టుకోబోయే ముందు నా ముఖం వంక చూసేవారు. వాళ్ళకు నేను నేర్పిన మొదటి పాఠం భయం. ఆ పాఠం మాత్రం బాగా వంటబట్టింది.

అప్పటి నుంచి ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చాను. తోటి టీచర్లు వీటిని ఉల్టా సలహాలంటారు. ట్రైనింగుల్లో చెప్పేదానికి ఇవి ఎదురే. అయినా ఈ అడవి అంచున కొత్త పిల్లలకు కంప్యూటర్ పరిచయం చేయబోయే ప్రతి టీచరుకూ ఇవే చెబుతాను.

1. మొదటి రోజు స్విచ్ వేయకండి

ప్రతి బడిలోనూ మూలన పడేసిన పాత సీపీయూ ఒకటి ఉంటుంది. దాన్ని చెట్టు కిందికి తెప్పించండి. తీగలన్నీ పీకేసి, స్క్రూడ్రైవర్ పిల్లల చేతికిచ్చి, పక్క రేకు వాళ్ళతోనే ఊడదీయించండి. లోపల దుమ్ము ఉంటుంది, ఒక్కోసారి చీమల గూడు కూడా. ఒక పిల్ల ఫ్యాను రెక్కను వేలితో తిప్పి, "సార్, ఈ గాలి ఎవరికి?" అని అడిగింది. ఫ్యాను తీసి, దాని కింద బిస్కెట్ అంత ఉన్న చిప్పు చూపించాను. లెక్కలన్నీ చేసేది అదేననీ, చేసే కొద్దీ వేడెక్కుతుందనీ చెప్పాను. "లెక్కలు చేస్తే వేడెక్కుతుందా!" అని పిల్లలంతా తలలు వంచి దగ్గరికొచ్చారు. మనం పెట్టెను సీపీయూ అంటాం గానీ అసలు సీపీయూ ఆ చిప్పేనని ఆ పూట తెలిసిన పిల్లలు మరిచిపోరు. ర్యామ్ పలక లాంటిది, హార్డ్ డిస్కు నోటుబుక్కు లాంటిది అని అక్కడే చెప్పండి. ఆ పోలిక తర్వాత పనికొస్తుంది. కరెంటు తీగ వచ్చి చేరే ఇనప డబ్బా (పవర్ సప్లై) ఒక్కటి మాత్రం తెరవకూడదు. ప్లగ్గు తీశాక కూడా అందులో కరెంటు నిలిచి ఉంటుంది.

2. చెప్పులు విప్పించకండి

కంప్యూటర్ గది గుడి కాదు. ఒకప్పుడు పెద్ద యంత్రాలకు ఏసీ, దుమ్ములేని గది కావాల్సి వచ్చింది. ఆ రోజుల నుంచి ఈ అలవాటు మిగిలిపోయింది. వానాకాలంలో మన గదుల సిమెంటు నేల చెమ్మగిల్లుతుంది. ఎర్తింగ్ సరిగా లేని గదిలో తడి నేల మీద ఉత్త కాళ్ళతో నిలబడి పెట్టెను తాకడం ప్రమాదం. గుమ్మంలో గోనెసంచి వేసి, కాళ్ళు తుడుచుకుని చెప్పులతోనే రమ్మనండి. ఎర్తింగ్ పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఏటా జూన్‌లోనే చూపించండి.

3. ఇంగ్లీషుతో మొదలుపెట్టకండి

మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో కోయ, బడిలో తెలుగు. తెర మీద ఇంగ్లీషు మూడో భాష. మూడు మెట్లూ ఒకే అడుగులో ఎక్కమనడం న్యాయం కాదు. విండోస్ సెట్టింగుల్లో భాషల దగ్గర తెలుగు చేర్చి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టండి. భారతీయ భాషలన్నిటికీ ఒకే అమరిక ఉండాలని దీన్ని 1986లో ప్రమాణంగా తెచ్చారు.

మొదటి మాట "అమ్మ". షిఫ్ట్ నొక్కి పట్టుకుని డి కొడితే అ. సి కొడితే మ. తర్వాత ఉత్త డి కొడితే పొల్లు. మళ్ళీ సి కొట్టగానే రెండో మ వెళ్ళి మొదటి మ కింద ఒత్తుగా కూర్చుంటుంది. ఆ అక్షరం కిందికి దిగడం చూసి పిల్లలు ఊపిరి బిగబడతారు. ఒత్తు ఎలా పుడుతుందో పలక మీద ఏడాది పాటు చెప్పినా అందనిది నాలుగు కీలతో అందుతుంది.

రెండో మాట వాళ్ళ ఇంటి మాట. కోయలో "ఏర్" అంటే నీళ్ళు, తెలుగులో "ఏరు" అంటే వాగు. ఏ, ర, పొల్లు, మూడే కీలు. పొల్లు బదులు కొమ్ము కొడితే తెలుగు మాటవుతుంది. తమ మాట తెర మీద కనిపించిన రోజు నుంచి కోయ పిల్లలు వెనక బెంచీ వదిలి ముందుకొస్తారు. కోయకు చుట్టమైన గోండి భాషకు ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఆ సంగతి కూడా చెప్పండి. అడవి భాషకు యంత్రంలో చోటుందని వాళ్ళకు తెలియాలి.

4. కంప్యూటర్లు చాలినన్ని ఉన్నా ముగ్గురికి ఒకటే ఇవ్వండి

1999 జనవరి 26న ఢిల్లీ కాల్కాజీలో సుగతా మిత్రా అనే పరిశోధకుడు తన ఆఫీసు గోడకు కన్నం పెట్టించి, వీధి పిల్లలకు అందేలా ఒక కంప్యూటర్ ఉంచారు. పిల్లలు గుంపుగా చేరి ఒకరికొకరు చెప్పుకుంటూ చాలా నేర్చుకున్నారు. పెరూలో పిల్లవాడికొక ల్యాప్‌టాప్ చొప్పున లక్షల్లో పంచితే, లెక్కల్లో, భాషలో మెరుగు కనిపించలేదని 2012లో వచ్చిన అధ్యయనం తేల్చింది. పెట్టెలు పెరిగినంత మాత్రాన చదువు పెరగదు.

ముగ్గురిని కూర్చోబెట్టి ఒక్క నియమం పెట్టండి. మౌసు ఎప్పుడూ అందరికన్నా తక్కువ వచ్చినవాడి చేతిలో ఉండాలి. బాగా వచ్చినవాడు చేతులు ఒళ్ళో పెట్టుకుని నోటితోనే చెప్పాలి. చేయి చాచి లాక్కుంటే వాడి వంతు పోతుంది. నోటితో చెప్పాల్సి వచ్చినప్పుడే తనకెంత వచ్చో వాడికి తెలుస్తుంది.

5. పాస్‌వర్డు నోటుబుక్కులో రాయించండి

పాస్‌వర్డు ఎక్కడా రాయకూడదని అందరూ చెబుతారు. పదకొండేళ్ళ పిల్ల వేసవి సెలవుల తర్వాత తిరిగొచ్చి దాన్ని గుర్తుంచుకోవాలంటే ఎలా? గుర్తుండదని తెలిసి అందరికీ 123456 పెట్టేస్తాం. అది తాళమే కాదు. "వాగు దాటితే మా బడి" లాంటి వాక్యం ఎవరిది వాళ్ళను అల్లుకోమనండి. దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి కొట్టించి, నోటుబుక్కు చివరి పేజీలో రాయించి, ఆ నోటుబుక్కును ట్రంకు పెట్టెలో పెట్టించండి. ట్రంకుకు తాళం ఉంది. పాస్‌వర్డుకు గుర్తుల గజిబిజి కన్నా పొడవు ముఖ్యమనీ, ఊరికే మార్పించొద్దనీ అమెరికా ప్రమాణాల సంస్థ కూడా 2017లో చెప్పింది.

ఓటీపీ సంగతి వేరు. అది రాయకూడదు, చెప్పకూడదు. అది వచ్చేది నాన్న ఫోనుకు. గూడెంలో సిగ్నల్ ఉండదు, గుట్టెక్కితేగానీ ఫోను పలకదు. అందుకే ఓటీపీ అవసరమైన పనులన్నీ సంతరోజుకు పెట్టుకోండి. ఆ రోజు అమ్మానాన్నా ఫోనుతో సహా సిగ్నల్ ఉన్న చోటికి వస్తారు. బడికి పిలిపించి, ఆ నంబరు ఎందుకొస్తోందో వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పి, వాళ్ళ చేతనే కొట్టించండి. ఆధార్ లేదని మాత్రం ఏ బిడ్డనూ వెనక్కి పంపకండి. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులోనే చెప్పింది. సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడిన గొత్తికోయ కుటుంబాల పిల్లలకు ఈ మాట చాలా అవసరం.

6. మీ తప్పు పట్టమనండి

బడి పిల్లల వివరాలు ఎక్కించే యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో ప్రతి పిల్లకూ 11 అంకెల పెన్ నంబరు, అమ్మానాన్న ఒప్పుకుంటే 12 అంకెల అపార్ నంబరు ఉంటాయి. మనం రాత్రిళ్ళు కూర్చుని ఎక్కిస్తాం, పిల్లలు ఆ తెర ఎన్నడూ చూడరు. చూపించండి. ఎవరి వివరాలు వాళ్ళకు మాత్రమే, ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. ఇంటిపేరు, పేరు, అమ్మ పేరు, పుట్టిన తేదీ గట్టిగా చదివించండి.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి ఇంటిపేరులో ఒక ఇంగ్లీషు అక్షరం ఎక్కడో జారిపోయింది. పదో తరగతి మెమోలో అలాగే వచ్చింది. ఇంటర్ అయ్యాక డిగ్రీ సీటుకు దోస్త్ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకునేటప్పుడు ఆధార్‌లో ఒకలా, మెమోలో ఒకలా ఉందన్నారు. వాళ్ళ నాన్న కూలి పోగొట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఆరో తరగతిలో నేను ఒక్కసారి తెర ఆ పిల్ల వైపు తిప్పి ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది.

ఇప్పుడు తిప్పుతున్నాను. మడివి, మడకం, సోడి, కుంజా, పూనెం, ఏ ఇంటిపేరైనా సరే, ఇంగ్లీషులో ఏ అక్షరాలతో రాయాలో ఆధార్ కార్డు పక్కన పెట్టుకుని పిల్లలే సరిచూస్తారు. పోయిన ఏడాది ఒకడు వేలుపెట్టి చూపించి, "సార్, ఇది నేను కాదు" అన్నాడు. వాడి పుట్టిన తేదీ గడిలో వాళ్ళ అన్న తేదీ పడింది. ఎక్కించింది నేనే. థాంక్స్ చెప్పి, వాడి ముందే దిద్దాను.

7. ఎక్సెల్‌లో మార్కులు వేయించకండి

మార్కుల పట్టికలో వెనకబడిన పిల్లకు మొదటి రోజే అవమానం. దానికి బదులు తునికాకు లెక్క వేయించండి. వేసవిలో మన పిల్లలు అమ్మానాన్నలతో ఆకు కోతకు వెళ్ళినవాళ్ళే. కట్టకు 50 ఆకులు, ప్రామాణిక బస్తాకు 1,000 కట్టలు అని వాళ్ళే మీకు చెబుతారు. మొదటి నిలువు వరసలో తేదీ, రెండోదాంట్లో కట్టలు, మూడోదాంట్లో కట్ట రేటు. నాలుగో గడిలో సమానం గుర్తు పెట్టి, ఒక గడిని ఇంకో గడితో గుణించమనండి. కిందికి లాగితే కోత రోజులన్నిటికీ కూలి వచ్చేస్తుంది. ఆకు కొనే కల్లం దగ్గర కల్లేదారు కార్డులో రాసిన లెక్కతో దాన్ని సరిచూసుకోవచ్చని చెప్పగానే పిల్లలు కూర్చునే తీరే మారిపోతుంది.

రెండో పట్టిక భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం. 43, 48, 53 అడుగుల మూడు ప్రమాద హెచ్చరికలు ఇక్కడి పిల్లలకు ఎక్కాల కన్నా ముందు వస్తాయి. జులై, ఆగస్టుల్లో రోజూ నీటిమట్టం ఎక్కించి గ్రాఫు గీయించండి. 2022 జులైలో నీరు 71.3 అడుగులకు చేరినప్పటి సంగతులు ఇంట్లో పెద్దల్ని అడిగి రాసుకురమ్మనండి.

8. సేవ్ చేయమని చెప్పకండి

వందసార్లు చెప్పినా ఎక్కని మాట ఇది. చిన్న ఉత్తరం ఒకటి కొట్టించండి. ఈదురుగాలి లేచిందంటే మన దగ్గర కరెంటు పోవడానికి ఎంతోసేపు పట్టదు. తెర నల్లబడగానే పిల్లల్ని తరగతికి పంపేయకండి. ఉత్తరం ఎక్కడికి పోయిందో అప్పుడే అడగండి. చెట్టు కింద చెప్పిన పలక, నోటుబుక్కు గుర్తుచేయండి. పలక మీద రాసింది చెరిగిపోయింది, నోటుబుక్కులోకి ఎక్కించలేదు. నాలుగు వరుసలు పోగొట్టుకున్న పిల్ల ఆ తర్వాత పేరాకొకసారి కంట్రోల్, ఎస్ కొడుతుంది. పరీక్ష దరఖాస్తు రోజున ఇదే నేర్చుకోవాల్సి వస్తే మూల్యం ఎక్కువ.

ఉరుములప్పుడు మాత్రం స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్గులు పీకాలి. ఆ పని కూడా పిల్లలదే.

9. తాళంచెవి పిల్లల చేతికివ్వండి

చాలా బడుల్లో కంప్యూటర్ గది తాళం వేసి ఉంటుంది. సామాను స్టాక్ రిజిస్టర్‌లో మన పేరు మీద ఉంటుంది, పోతే మనమే కట్టాలన్న భయం మనది. ఆ భయాన్నే పిల్లలకు అప్పజెబుతాం. ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి ఇద్దరిద్దరిని వారానికొకసారి ఎంచి, సాయంత్రం గంట సేపు గది వాళ్ళకు అప్పగించండి. తెరిచింది ఎవరు, ఎప్పుడు, ఏ యంత్రం ఎలా ఉంది అన్నవి వాళ్ళే ఒక నోటుబుక్కులో రాస్తారు. కొత్తగా వచ్చిన ఆరో తరగతి పిల్లలకు మొదటి టీచర్లు వాళ్ళే కావాలి. మనకు రాని కోయ వాళ్ళకు వస్తుంది. అర్థం కానిది కోయలో అడిగితే కోయలోనే చెబుతారు.

ఇలా చేస్తే సామాను పాడవదా అంటే, పాడవుతుంది. వెనక నేను తాళం నా జేబులో పెట్టుకున్న రోజుల్లో కూడా పాడయ్యేది. అప్పుడు తెగిన తీగను పిల్లలు సీపీయూ వెనక దాచేవారు, నెలల తర్వాత నాకే దొరికేది. ఈ మధ్య ఒక సాయంత్రం ఆరో తరగతి పిల్లవాడు స్టాఫ్ రూమ్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఒక చేతిలో మౌసు, ఇంకో చేతిలో ఇన్సులేషన్ టేపు.

"సార్, తీగ తెగింది. నా కాలు తగిలే. ఎట్లా అతికించాలో చెప్తారా?"