కొలబద్ద తండ్రి

ఇంగ్లండు పల్లెపట్టుల్లో వేసవి పొడవునా జరిగే పోనీల షో జంపింగ్ పోటీలలో, అనగా రంగు కర్రల అడ్డంకులను వరుసగా, కర్ర పడకుండా, గడువులోపల దాటించే పందేలలో, స్వారీచేసే పిల్లలకన్నా, వారిని మోసే పోనీలకన్నా ఎక్కువ శ్రమపడే వ్యక్తి ఒకడుంటాడు. ఇతడు స్వయంగా గుర్రమెక్కడు. ఎన్నడైనా ఎక్కిన దాఖలా కూడా సాధారణంగా కనబడదు. మోకాళ్లదాకా రబ్బరు బూట్లు, మైనపు పూత కోటు, ఫ్లాస్కులో టీ, చంకలో మడతకుర్చీ, చేతిలో కొలబద్ద ఇతడి సామగ్రి కాగా, ఆ చివరి వస్తువునుబట్టి ఇతడిని కొలబద్ద తండ్రి అని వ్యవహరించడం సబబు. తల్లులలోనూ ఈ జాతి ఉంది గాని, వారు కంటితోనే కొలిచేస్తారు కాబట్టి వారికి కర్ర అవసరం పడదు.

పోనీ అనగానే తెలుగు పాఠకుడికి ముందు గుర్తొచ్చేది ఆడపిల్ల జుట్టుముడి కావచ్చు. పాత తెలుగులో తట్టువ అన్నది ఈ జంతువునే. ఇది గుర్రప్పిల్ల కాదు, పూర్తిగా ఎదిగాక కూడా పొట్టిగానే ఉండే గుర్రం. ఎంత పొట్టి అన్నదానికి అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య గీసిన గీత 148 సెంటీమీటర్లు, నాడాలు ఉంటే 149. ఈ ఎత్తును తలదాకా కాక మూపుదాకా, అంటే మెడ ముగిసి వీపు మొదలయ్యే ఉబ్బుదాకా కొలుస్తారు. తల క్షణానికొక ఎత్తులో ఉంటుంది గనుక దానిని నమ్మి ఏ పోటీ నడవదు. బ్రిటనులో పాతకాలపు కొలమానం హ్యాండు, అనగా నాలుగంగుళాలు, మన బెత్తెకు దగ్గరి చుట్టం. 14.2 హ్యాండ్లు అంటే పద్నాలుగు హ్యాండ్ల రెండంగుళాలే తప్ప దశాంశం కాదు, 14.3 తర్వాత వచ్చేది 15. ఈ లెక్కను కొత్తవారికి విప్పిచెప్పే అవకాశం దొరికిన రోజున కొలబద్ద తండ్రి భోజనం సంగతి మరచిపోతాడు.

బ్రిటిషు పోటీలలో పోనీలను 128, 138, 148 సెంటీమీటర్ల తరగతులుగా విడదీస్తారు. 138కి ఒక్క సెంటీమీటరు మించిన పోనీ పై తరగతిలో తనకన్నా బెత్తెడు పెద్దవాటితో తలపడాలి కాబట్టి, అధికారిక కొలత రోజు ఆ ఇంట్లో పరీక్షాఫలితాల రోజు వంటిది. నాడాలు ఊడదీసిన పోనీని చదునైన గచ్చుమీద నిలబెట్టి, రసమట్టం బిగించిన కొలకర్రను పశువైద్యుడు మూపుమీదికి మెల్లగా దించుతాడు. కొత్త మనిషిని చూసి పోనీ బెదిరిందా, మెడ నిక్కి, కండరాలు బిగిసి, ఎత్తు కాస్త పెరుగుతుంది. ఆ సమయంలో చూడవలసింది పోనీని కాదు, తండ్రిని: ఊపిరి వదిలేసి, భుజాలు దించి, తెలియకుండానే మోకాళ్లు వంచి, తాను కుంగితే పోనీ కుంగుతుందన్న విశ్వాసంతో నేలకు దగ్గరవుతూ ఉంటాడు. ముందువారం గిట్టలు కాస్త లోతుగా చెక్కమని నాడాలు కొట్టేవాడిని బతిమాలుకున్న విషయం ఇతడి ముఖంలోనే చదవవచ్చు.

ఇంతచేసీ ఇతడి దృష్టిలో పోనీ ఎత్తు స్థిరమైన రాశి కాదు. కొలత గచ్చుమీద అది చిన్నది. అమ్మకం ప్రకటనలో ‘నిండైన 14.2, గుర్రంలా అంగ వేస్తుంది’. కూతురు పడిపోయినప్పుడు పిల్లకు మించిన జంతువు. ఓడిపోయినప్పుడు మాత్రం, ‘పాపం, అంత పొట్టిది ఏం చేస్తుంది?’

నిజానికి దూకడానికీ పొడుగుకూ ఉన్న సంబంధం ఇతడు అనుకున్నంత సూటిది కాదు. ఒక శరీరం అన్ని వైపులా రెట్టింపైతే దాని బలాన్ని నిర్ణయించే కండ అడ్డుకోత నాలుగు రెట్లే పెరగగా బరువు ఎనిమిది రెట్లు పెరుగుతుంది కాబట్టి, బరువునుబట్టి చూస్తే చిన్న శరీరమే బలమైనది. పొట్టివాడు గట్టివాడన్న మాటకు ఇంతకన్నా శాస్త్రీయమైన సాక్ష్యం దొరకదు. పోనీకి అసలు చిక్కు అడ్డంకి ఎత్తులో కాక, అడ్డంకికీ అడ్డంకికీ మధ్య నేలలో ఉంది. పెద్ద గుర్రం అంగ, అంటే పరుగులో ఒక్క ఊపుకు సాగే దూరం, సుమారు 12 అడుగులని లెక్కించి సాధారణంగా పోటీమార్గాన్ని అమరుస్తారు. దిగడానికి ఆరు, ఎగరడానికి ఆరు పోగా 60 అడుగుల నడుమ దానికి సరిగ్గా నాలుగు అంగలు పడతాయి. పది అడుగుల అంగ గల పోనీ అదే దూరంలో ఐదు వేస్తుంది. మూడడుగులతో ముల్లోకాలు కొలిచిన వామనుడి సౌకర్యం అన్ని పొట్టి ప్రాణులకూ ఉండదు. లెక్క కుదరని చోట పోనీ మరీ దగ్గరనుంచో మరీ దూరంనుంచో ఎగరవలసివచ్చి కర్ర పడుతుంది. తెలిసిన రౌతులు అందుకే పోటీకి ముందు నడిచి దూరాలు చూసుకుంటారు. కొలబద్ద తండ్రి కూడా నడుస్తాడు, పొడుగు కాళ్లతో, పెద్ద గుర్రపు లెక్కలో, ‘నాలుగే, నాలుగే’ అని కూతురికి ఒప్పజెపుతూ. ఆ అమ్మాయి తలూపి, బరిలోకి దిగి, పోనీ ఇష్టప్రకారం ఐదు వేయిస్తుంది.

ఇతడి ఇష్టదైవం స్ట్రోలర్. పోనీ పరిమాణం మించని ఆ జంతువు మారియన్ కోక్స్ స్వారీలో 1967లో హిక్‌స్టెడ్ డెర్బీ అనే షో జంపింగ్ పోటీ గెలిచి, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో పెద్ద గుర్రాలమధ్య వ్యక్తిగత రజతం సాధించింది. స్వర్ణం అమెరికాకు చెందిన స్టైన్‌క్రాస్ స్వారీచేసిన స్నోబౌండ్‌కు దక్కింది. టీ చల్లారేదాకా ఈ కథ చెప్పే తండ్రి ఇందులో ఒక్క ఘట్టాన్ని మాత్రం ఎప్పుడూ దాటవేస్తాడు: కూతురు పోనీల వయసు దాటుతోందని స్ట్రోలర్‌ను అమ్మివేద్దామని కోక్స్ తండ్రి తలపోయగా, ఆ అమ్మాయే పట్టుబట్టి నిలుపుకొంది. తన ఇంట్లోనూ అమ్మకం ప్రకటన ముసాయిదా సిద్ధంగా ఉన్నందున ఆ ఘట్టం ఇతడికి రుచించదు.

ముసాయిదాలో ‘మీటరు పది దాకా నమ్మకంగా దూకుతుంది, అంతకుమించి కాదు’ అని నిజాయితీగా రాసుకున్న సాయంత్రమే, కళ్లెంగాని జీనుగాని లేని ఆ పోనీ, పొరుగువారి పచ్చిక మీద మనసుపడి, మూడు పొట్టి అంగలు వేసి, పొలం గేటును గిట్ట తగలకుండా దాటి అవతల మేయసాగుతుంది. కూతురు పగ్గం పట్టుకుని పరుగెత్తుతుంది. తండ్రి ఇంట్లోకి పరుగెత్తి కొలబద్ద తెచ్చి, రసమట్టం బుడగ నడిమికి వచ్చేదాకా ఓపికగా సరిచూసుకుంటూ, గేటును కొలుస్తాడు.