జీపుకు ఎడమ దీపాన్ని

ఆళ్లగడ్డ నుంచి దిగువ అహోబిలం, అక్కణ్నుంచి 8 కిలోమీటర్లు పైకి ఎగువ అహోబిలం, యాత్రికులు అడిగితే పావన నరసింహస్వామి గుడికి పోయే అడవి బాట. నా బతుకు ఈ మూడు దారుల్లోనే గడిచింది. మహీంద్రా జీపుకు ఎడమవైపు హెడ్‌లైటును నేను. గుండ్రంగా 7 అంగుళాల మనిషిని. ముందు గీతల అద్దం, వెనక వెండిలా మెరిసే గిన్నె, గిన్నె అడుగున బల్బు కూర్చునే బెజ్జం. బల్బులు నాలోకి వస్తాయి, కొన్నాళ్లు వెలుగుతాయి, మాడిపోతాయి. వాటిని సాగనంపి కొత్తవాటికి చోటిచ్చేదాన్ని నేను.

మాది పాత వంశం. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపుల దీపాలను మడత బందుల మీద బిగించేవాళ్లు. చీకట్లో ఇంజను ఆగిపోతే ఆ దీపాన్నే పైకెత్తి వెనక్కి తిప్పి, ఇంజను మీద వెలుగు పడేట్టు పెట్టుకుని రిపేరు చేసుకునేవాళ్లు. నాకు ఆ భాగ్యం లేదు. గ్రిల్లులో కదలకుండా ఉండి ఎదురుగా ఉన్నదే చూస్తాను.

నాలో కూర్చునే బల్బును హెచ్4 అంటారు. 1971 నుంచి ఉన్న రకం. మూడు కాళ్లుంటాయి: ఒకటి బ్రైటుకు, ఒకటి డిమ్ముకు, ఒకటి ఎర్తుకు. బ్రైటు తీగ 60 వాట్లు, డిమ్ము తీగ 55. డిమ్ము తీగ కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. వెలుగు గిన్నె కింది సగం మీద పడి, అక్కణ్నుంచి పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో కొట్టకుండా ఆ దొప్పే ఆపుతుంది. ఆ బల్బులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. మా జీపు కొత్తగా ఉన్నప్పుడు ఇంకో కాపలా కూడా ఉండేది: నా అద్దం మీద నల్లరంగుతో పెద్ద బొట్టు పెట్టారు. అప్పట్లో లారీలకు, బస్సులకు, కార్లకు అందరూ పెట్టేవాళ్లు. అదీ ఎదుటివాడి కంటి కోసమే.

కనుమ నాడు పారువేట మొదలైతే ఈ దారుల్లో మనుషులు పెరుగుతారు. స్వామి పల్లకీ 40 రోజులకు పైగా ఊరూరా తిరుగుతుంది, 30కి పైగా ఊళ్లు. తన పెళ్లికి రమ్మని జనాన్ని పిలవడానికే స్వామి వస్తాడని ఇక్కడివాళ్ల నమ్మకం. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి నల్లమల చెంచులకు ఆయన ఇంటల్లుడు. ఆ రోజుల్లో పొద్దుగూకినాక కూడా రోడ్డు అంచున నడిచేవాళ్లుంటారు, ఎద్దుల బండ్లుంటాయి. మన దేశంలో బండి ఎడమ పక్కన పోతుంది కదా, అందుకే డిమ్ము వెలుగు ఎడమ అంచున కొంచెం ఎక్కువ దూరం పారేట్టు నా అద్దం గీతలు గీశారు. నడిచే మనిషిని ముందుగా చూసేదాన్ని నేనే.

అలాంటి ఒక సాయంత్రం పావనం నుంచి దిగుతున్నాం. ఆ బాటంతా రాళ్లు, గుంతలు. ఒక గుంతలో ఎగిరి పడగానే నా డిమ్ము తీగ తెగింది. డ్రైవరుకు కుడి దీపం ఒక్కటే మిగిలింది. ఒంటి దీపంతో వచ్చే జీపును ఎదుటివాడు మోటారుసైకిలు అనుకుంటాడు. ఆ భయంతోనే ఆయన బ్రైటు వేశాడు. బ్రైటు తీగలు రెండు దీపాల్లోనూ బాగానే ఉన్నాయి.

మలుపు తిరగ్గానే నెత్తిన మూటతో ఒక పెద్దాయన. నా వెలుగు సూటిగా ఆయన కళ్లలో పడింది. చెయ్యి అడ్డం పెట్టుకుని, అడుగు ఎక్కడ పడుతుందో తెలియక పక్కకు జరిగి, పొదల్లో జారాడు. మూట విప్పుకుని చింతపండు రాళ్ల మీద పడింది. డ్రైవరు జీపు ఆపి ఉరికాడు.

“తప్పయిపోయిందన్నా. యాడన్నా తగిలిందా?”

“దెబ్బేం లేదు లేప్పా. కండ్లు కనబళ్లా, అంతే.”

ఇద్దరూ వంగి చింతపండు ఏరుకున్నారు. నేను వెలుగుతూనే ఉన్నాను, వాళ్లకు ఏరుకోవడానికి. ఆ పూట నా వల్ల జరిగిన మంచి అదొక్కటే.

మర్నాడు ఊళ్లో బల్బు మార్చారు. మార్చిన కుర్రాడి వేళ్ల నిండా గ్రీజు. ఆ వేళ్లతోనే గాజును పట్టుకుని నాలో కూర్చోబెట్టాడు. పైగా డ్రైవరు “బాగా ఎలిగేది ఎయ్యి” అన్నాడని 100/90 వాట్ల బల్బు వేశాడు. 12 వోల్టుల మీద 60 వాట్లంటే 5 ఆంపియర్లు. 100 వాట్లంటే 8కి పైనే. పాత సన్న వైర్లు ఆ కరెంటుకు వేడెక్కాయి, వెనక కప్లరు ప్లాస్టిక్కు మెత్తబడి నల్లబడింది, నా గిన్నె మీద వెండిపూత ఒక చోట పొక్కింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ బల్బు నెల కూడా నిలవలేదు.

ఎందుకు నిలవలేదో ఆ ఫాల్గుణంలో తెలిసింది. బ్రహ్మోత్సవాలకని డ్రైవరు మేనల్లుడు డల్లాస్ నుంచి వచ్చాడు. జీపు చుట్టూ తిరిగి నా ముందు కూర్చున్నాడు.

“మామా, నా కారుకు కూడా ఇదే సైజు లైటు. 7 అంగుళాలే. కాకపోతే అది బానెట్లో పండుకోని ఉంటాది. బటన్ నొక్కితే లేస్తాది.”

అతనిది పాత మజ్డా మియాటా. 1989లో వచ్చిన ఆ కార్లకు 1997 దాకా లేచి పడుకునే దీపాలే. అమెరికాలో 1940 నుంచి 1983 వరకు కార్లన్నిటికీ చట్టం చెప్పిన కొలతల దీపాలే పెట్టాలి. ముక్కు పల్చగా ఉండే కార్లలో ఇంత పెద్ద దీపం నిలబడి ఇమడదు. అందుకని రెప్ప కింద దాచి, రాత్రి పైకి లేపారు. 1936 నాటి కార్డ్ 810లో అయితే డ్రైవరే చేత్తో తిప్పి లేపేవాడట. నాలాంటిదే ఇంకొకటి సముద్రాల అవతల పగలంతా రెప్ప మూసుకుని ఉంటుందంటే, ఆ రోజంతా దాని గురించే ఆలోచించాను.

మొదటిసారి దాని దీపం మార్చినప్పుడు ఏం జరిగిందో చెప్పాడతను. ముందు దీపాలు పైకి లేపి, మోటారు ఫ్యూజు పీకేయాలి. లేకపోతే రెప్ప వేళ్ల మీద పడొచ్చు. మోటారు చెడిపోతే బానెట్ కింద చేత్తో తిప్పే గుబ్బ ఉంది. తర్వాత పైతొడుగు స్క్రూలు, ఆపైన రింగు స్క్రూలు. అక్కడ అతను తప్పు చేశాడు. రింగు స్క్రూ అనుకుని, వెలుగును ఎత్తేదీ దించేదీ అయిన స్క్రూ తిప్పేశాడు. ఆ రాత్రి దారంతా ఎదుటి కార్లు బ్రైటు కొట్టి తిట్టాయి.

“అందుకే చెప్తాండా మామా, ఏ స్క్రూ ఏదో తెలియకుండా తిప్పగూడదు. బల్బు గాజును వేలితో ముట్టగూడదు. మెత్తని గుడ్డ ఇయ్యి.”

ఆ గాజు మామూలు గాజు కాదు, క్వార్ట్జు. లోపల టంగ్‌స్టన్ తీగ, హాలోజెన్ వాయువు. తీగ నుంచి ఆవిరైన టంగ్‌స్టన్‌ను ఆ వాయువు పట్టుకుని తిరిగి తీగ దగ్గరికే చేరుస్తుంది. అది జరగాలంటే గాజు బాగా వేడిగా ఉండాలి. అంత వేడిలో చేతి చెమటలోని ఉప్పు, జిడ్డు ఉన్న చోట క్వార్ట్జు చెడుతుంది, అక్కడే పగులుతుంది. గాలి చొరబడితే లోపలంతా తెల్లటి పొడి. మాడిపోయిన నా 100 వాట్ల బల్బులో కనబడింది ఆ పొడే.

మేనల్లుడు 60/55 బల్బు తెప్పించాడు. బ్యాటరీ తీగ ఊడదీసి, కొత్త కప్లరు వేసి, బల్బును గుడ్డతో పట్టుకుని దించాడు. బల్బు పళ్లేనికి మూడు చెవులు, అవి సరైన గాళ్లలో పడితేనే సమంగా కూర్చుంటుంది. పడింది. పక్కవాడు బాగానే ఉన్నా కుడి దీపంలోనూ కొత్త బల్బు వేశాడు. రెండిటి వయసూ ఒకటి కావాలన్నాడు. ఆ మాట నాకు నచ్చింది.

చీకటి పడ్డాక దిగువ అహోబిలంలో ఒక గోడ ముందు, చదునైన నేల మీద, 25 అడుగుల దూరాన జీపు నిలిపారు. గోడ మీద నా నడుము ఎత్తులో సుద్దతో గీత గీశారు. డిమ్ము వేసి స్క్రూ తిప్పుతూ, వెలుగు పైఅంచును ఆ గీతకు 3 అంగుళాలు కిందికి దించారు. మామ గోడ దగ్గరికి పోయి నా వైపు తిరిగి నిలబడ్డాడు. కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

“ఇప్పుడు బాగుందిరా అబ్బీ.”

ఆ తర్వాత పారువేట మళ్లీ వచ్చింది. బాచేపల్లి దారిలో పల్లకీ వెనక నడిచే జనం మధ్యగా మెల్లగా, డిమ్ములోనే పోయాం. ఆ మూట పెద్దాయన ఆ జనంలో ఉన్నాడో లేదో నేను గుర్తుపట్టలేను. కానీ ఎవరూ మొహం తిప్పుకోలేదు.

అహోబిలం వచ్చే అయ్యలారా, అమ్మలారా, బయల్దేరే ముందు రెండు దీపాలూ వేసి చూసుకోండి. ఘాట్లో ఎదురుగా మనిషి కనబడితే డిమ్ము కొట్టండి.