కుర్చీ లాయక్ అలీది, కర్ర రజ్వీది

బంగాళాఖాతం అలలు మా నిజాం ప్రభువు పాదాలు కడిగే రోజు వస్తుందని రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ గారు 1948లో సెలవిచ్చారు. అలలు హైదరాబాద్ దాకా నడవలేవు గనక పాదాలే బందరు వెళ్లాలి. దారిలో జగ్గయ్యపేట, నందిగామ తగులుతాయి. మీకు అభ్యంతరమా అని మనవాళ్లను ఎవరూ అడగలేదు.

అప్పట్లో జగ్గయ్యపేట నందిగామ తాలూకాలోది. మునగాల పరగణా కూడా ఆ తాలూకాదే, కానీ చుట్టూ నిజాం ఇలాకా. సూర్యాపేట వెళ్లే బండివాడికి ఒకే రోడ్డు మీద జగ్గయ్యపేటలో ఇండియా, కోదాడలో నిజాం, మునగాలలో మళ్లీ ఇండియా, అది దాటాక మళ్లీ నిజాం. కరోడ్‌గిరీ (సుంకాల) నాకా దగ్గర మూటలు విప్పి చూపించుకోవడం సరేసరి. రజాకార్ల దెబ్బకు అవతలి ఊళ్ల జనం పిల్లాజెల్లా, గొడ్డూగోదా తోలుకుని ఇవతలికొచ్చి తలదాచుకున్నారు.

ఇంత జరుగుతుంటే అక్కడ ప్రధానమంత్రి లేడా? నిక్షేపంలా ఉన్నాడు. మీర్ లాయక్ అలీ. ఇంజనీరు, పారిశ్రామికవేత్త, పాకిస్తాన్ తరఫున ఐక్యరాజ్యసమితికి కూడా వెళ్లొచ్చినవాడు. తుపాకీ పట్టినవాడు కాదు. ఆయనకు ఉద్యోగం ఎలా దొరికిందో వినండి. 1947 అక్టోబరు 27 తెల్లవారుజామున, ఢిల్లీతో యథాతథ ఒప్పందానికి బయల్దేరబోతున్న ప్రధాని ఛత్తారీ నవాబు ఇంటిని రజ్వీ మనుషులు చుట్టుముట్టారు. నవాబు గారికి రాజీనామా చేయాలన్న సద్బుద్ధి పుట్టింది. కుర్చీ ఖాళీ అయింది. ఏ ఒప్పందాన్ని ఆపడానికి ఇంత హంగామా చేశారో, దాదాపు అదే ఒప్పందం మీద నవంబరు 29న సంతకాలు పడ్డాయి. మారింది ప్రధాని ఒక్కడే.

ఆ తర్వాత లాయక్ అలీ పనల్లా ఢిల్లీ వెళ్లి సంస్థానంలో అంతా ప్రశాంతం అని చెప్పడం, తిరిగొచ్చి రజ్వీ ఉపన్యాసం పేపర్లో చదువుకోవడం. ఏలేవాడు ఒకడు, సంజాయిషీ చెప్పేవాడు ఇంకొకడు.

1948 సెప్టెంబరు 13న బెజవాడ నుంచి సైన్యం కదిలింది. బందరు వెళ్లాల్సిన పాదాల దారినే, ఎదురు దిక్కుగా. అయిదు రోజుల్లో పని ముగిసింది. 17న లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. 23న నిజాం గారు రేడియోలో అసలు రహస్యం విప్పారు: ఒక చిన్న ముఠా ఛత్తారీ ఇంటిని ముట్టడించి, లాయక్ అలీ మంత్రివర్గాన్ని నా నెత్తిన రుద్ది, నన్ను నిస్సహాయుణ్ని చేసింది అని. పది నెలలు తన పేరు మీదే నడిచిన సర్కారు గురించి ప్రభువుకు అప్పుడే తెలిసినట్టుంది పాపం!

తర్వాతి లెక్క చూడండి. మిలటరీ గవర్నరుగా జనరల్ చౌధురి వచ్చారు. 1950 జనవరి 26న వెల్లోడి అనే ఐసీఎస్ అధికారి ఒక్క ఓటూ లేకుండా ముఖ్యమంత్రి అయ్యారు. నిస్సహాయుడైన నిజాం గారు అదే రోజు గవర్నరుతో సమానమైన రాజప్రముఖ్ అయ్యారు, ఏటా 50 లక్షల రాజభరణం అదనం. రజ్వీ జైలుకు వెళ్లి 1957లో బయటపడి పాకిస్తాన్ చేరాడు. పేరుకు ప్రధానిగా ఉన్న లాయక్ అలీకి దక్కింది గృహనిర్బంధం. 1950 మార్చిలో కాపలావాళ్ల కళ్లుగప్పి ఆయనా కరాచీ తేలాడు.

పాకిస్తాన్‌లో ఇలా పేరుకు ప్రధానిగా ఉండే ఉద్యోగానికి గిరాకీ ఇంకా ఎక్కువ. 1985లో జనరల్ జియా ఏరికోరి తెచ్చుకున్న ప్రధాని జునేజో, 1988 మే 29న విదేశీ పర్యటన ముగించుకుని ఇంటికొచ్చాడు. ఆ సాయంత్రానికే ఆయన మాజీ ప్రధాని.