23 మిల్లీమీటర్ల సంబంధం

మన దేశంలో హ్యాక్సా చేతపట్టిన ప్రతివాడికీ రెండు ఫొటోలు గుర్తొస్తాయి. ఒకటి 1960లలో తుంబా రాకెట్ కేంద్రంలో సైకిల్ క్యారియర్ మీద రాకెట్ ముక్కును పెట్టుకుని నడిపించుకుపోతున్న ఫొటో. రెండోది 1981 నాటిది, ఇస్రో వారి యాపిల్ ఉపగ్రహం ఎద్దుల బండెక్కి కూర్చున్న ఫొటో. పాత మౌంటెన్ బైకుకు డిస్క్ బ్రేకు పెట్టాలని ముచ్చటపడిన కుర్రాడు, దానికి కావలసిన అడాప్టర్‌ను గేటు చేయగా మిగిలిన ఇనుప ప్లేటులోంచి కోసుకుంటానని కూర్చుంటాడు. ఇంట్లోవాళ్ళు "ఎందుకు నాయనా ఈ పని" అంటే ఈ రెండు ఫొటోలే చూపిస్తాడు. సూళ్లూరుపేటలో ఈ వాదనకు బలం మరీ ఎక్కువ. పులికాట్ మీదుగా పోయే రోడ్డు చివర శ్రీహరికోట ఉంది, రాకెట్టు లేస్తే మిద్దె మీద నుంచే కనిపిస్తుంది, ఇక కుర్రాడిని ఆపేదెవరు? నన్నడిగితే అడాప్టర్ చేసుకోవడంలో తప్పేమీ లేదు, ఆ ఫొటోలను చదవడంలోనే తప్పంతా ఉంది. తుంబాలో సైకిల్ రాకెట్టును మోసింది, అంతే తప్ప రాకెట్టులో సైకిల్ భాగమేదీ బిగించలేదు. దారిలో పంక్చరైతే ఇంకో సైకిల్ వచ్చేది. ఎద్దుల బండి సంగతి ఇంకా తమాషా. యాంటెన్నా పరీక్షకు దగ్గర్లో లోహం ఉంటే లెక్క చెడుతుంది కాబట్టి, కోరి మరీ చెక్క బండి తెప్పించారు. దాన్ని చూసి పేదరికం అని మనం మురిసిపోతున్నాం గానీ అది అచ్చమైన పరీక్షా పరికరం. కాకపోతే గడ్డి తింటుంది.

ఇంతకీ ఈ అడాప్టర్ ఏం చేస్తుంది? డిస్కును పట్టుకునే క్యాలిపర్‌ను ఫ్రేముకో ఫోర్కుకో బిగించడానికి మౌంటెన్ బైకుల్లో రెండు పద్ధతులు పాతుకుపోయాయి. ఇంటర్నేషనల్ స్టాండర్డ్ పద్ధతిలో రెండు రంధ్రాల మధ్య దూరం 51 మిల్లీమీటర్లు, బోల్టులు ఇరుసుకు సమాంతరంగా పక్క నుంచి దూరతాయి. పోస్ట్ మౌంట్‌లో ఆ దూరం 74, బోల్టుల దిక్కు కూడా వేరు. ఈ 23 మిల్లీమీటర్ల దగ్గర రెండు వర్గాలూ పట్టుదలకు పోతే మధ్యలో నిలబడి ఇటు మాట అటూ, అటు మాట ఇటూ సర్దిచెప్పే పెళ్ళిళ్ళ పేరయ్యే అడాప్టర్. పెళ్ళయ్యాక పేరయ్యను ఎవరూ తలచుకోరు. కాపురంలో తేడా వస్తే మాత్రం మొదటి తిట్టు ఆయనకే. మామూలు సంబంధమైతే రెడీమేడ్ అడాప్టర్ కొన్ని వందల రూపాయల్లో కుదురుతుంది, అది కొనుక్కోవడమే మర్యాద. అసలు ఫ్రేముకు డిస్క్ బ్రేకు బిగించే చెవులే లేనప్పుడు వస్తుంది చిక్కు. అప్పుడు వెనక ఇరుసు దగ్గర ఒక కొసనూ, పైన సన్నటి గొట్టానికి క్లాంపుతో ఇంకో కొసనూ పట్టుకునే ప్లేటు కావాలి, అది ఆ ఫ్రేము కొలతకే కోయాలి. "వెల్డింగు షాపులో అతికించేస్తే పోలా?" అంటారా? ఇనుప ఫ్రేమైతే ఆలోచించవచ్చు. అల్యూమినియం ఫ్రేమైతే వెల్డింగు వేడికి ఆ చుట్టుపక్కల గొట్టం తన గట్టిదనాన్ని చాలావరకు పోగొట్టుకుంటుంది. గట్టిపరచడానికి మళ్ళీ కొలిమి వేడి పద్ధతిగా పట్టించాలి, గ్రిల్సు చేసే షాపులో ఆ సౌకర్యం ఉండదు.

బడ్జెట్ వీరులు ఒక్క లెక్క దాటేస్తారు. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలనుకుందాం. ముందు బ్రేకు గట్టిగా నొక్కితే నేల టైరును వెనక్కి లాగే బలం ఆ బరువులో సగం, 42 కిలోల పైమాట. 26 అంగుళాల చక్రంలో నేల నుంచి ఇరుసు దాకా సుమారు 33 సెంటీమీటర్లు. 160 మిల్లీమీటర్ల డిస్కు మీద ప్యాడ్లు పట్టేచోటు మాత్రం ఇరుసుకు ఏడు సెంటీమీటర్ల చిల్లర దూరంలోనే ఉంది. దూరం నాలుగున్నర రెట్లు తగ్గింది కాబట్టి బలం నాలుగున్నర రెట్లు పెరగాలి. అంటే క్యాలిపర్ మీద పడేది దాదాపు 190 కిలోలు. అదే రిమ్మును పట్టే బ్రేకుకైతే 50 కిలోలతో సరిపోయేది. వియ్యంకులిద్దరూ పెళ్ళి భోజనం ముగించి ఒకేసారి పేరయ్య భుజాలెక్కితే ఎంతో, ఆ పావంగుళం ప్లేటు మీద అంత! ప్లేటు తట్టుకున్నా, దాన్ని కట్టిన సన్నటి గొట్టం ఆ బరువు కోసం పుట్టలేదు. బోల్టు ఊడిందంటే క్యాలిపర్ పోయి చువ్వల్లో పడుతుంది. అప్పుడు బ్రేకు పడలేదని బాధపడక్కర్లేదు, పడకూడనంత గట్టిగా పడుతుంది. అందుకే ఇంట్లో చేసిన అడాప్టర్‌ను వెనక చక్రానికే పెట్టాలని నా పట్టు. బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలుతుంది కాబట్టి వెనక చక్రానికి చిక్కే పట్టు తక్కువ, పడే భారం ఇందులో సగమే. అది చేతులెత్తేసినా ముందు బ్రేకు ఉంటుంది. ముందు ఫోర్కు జోలికి పోవద్దనడానికి ఇంకో సాక్ష్యం: ఫోర్కు కాలి వెనక క్యాలిపర్ ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా ఇరుసును గాడిలోంచి కిందికి నెట్టే బలం పుడుతుందని 2003లో జేమ్స్ అనన్ అనే వాతావరణ శాస్త్రవేత్త లెక్కగట్టి చూపించాడు. ఇంజనీర్లను పెట్టుకుని అమ్మిన ఫోర్కుల సంగతే అదైతే, గేటు ముక్క సంగతి చెప్పాలా?

"శ్రీహరికోట చుట్టుపక్కల కొండెక్కడిది? డిస్క్ బ్రేకెందుకు?" అనే పెద్దమనిషి మాటలో ముప్పాతిక నిజం ఉంది. సూళ్లూరుపేట రోడ్డు చదును, రెండువైపులా నీళ్ళు, కొంగలు, ఫ్లెమింగోలు. బ్రేకు వేయాలంటే గేదె అడ్డం రావాలి. హార్స్‌లీ హిల్స్‌కో మరో ఘాటుకో సైకిల్ మోసుకుపోతే తప్ప రిమ్మును పట్టే వి-బ్రేకు చాలు, ఖర్చూ తక్కువ. మిగిలిన పాతిక మాత్రం ఇసుకది, వానది. ఈశాన్య రుతుపవనంలో తడిసిన రిమ్ము రబ్బరుకు సరిగా చిక్కదు, తీరం ఇసుక చేరితే రిమ్మునే అరగదీస్తుంది. నేలకు ఎత్తుగా ఉండే డిస్కుకు ఈ బాధ తక్కువ. కాకపోతే ఉప్పుగాలి ఇనుప అడాప్టర్‌ను వదలదు, రంగు వేసుకోవాలి. "వీధిలో నాలుగు రౌండ్లు తిరిగాను, ఏం కాలేదు" అనే కుర్రాడి వాదన దీనికంటే బలహీనం. లోహం మొదటిసారే విరగదు. హ్యాక్సాతో కోసిన లోపలి మూల పదునుగా ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా అక్కడ పగులు వెంట్రుకవాసి సాగుతుంది. ఆ మూలలో ముందే రంధ్రం వేసి, ఆకురాయితో గుండ్రంగా నున్నచేయడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటను మిగుల్చుకోవడాన్నే చాలామంది పొదుపు అనుకుంటారు.

చిన్న ముక్కను తేలిగ్గా తీసుకోకూడదన్న ఈ సంగతిని శ్రీహరికోట మనకన్నా ఖరీదుగా నేర్చుకుంది. 1979 ఆగస్టు 10న 17 టన్నుల ఎస్ఎల్‌వీ-3 రాకెట్టు బంగాళాఖాతంలో పడింది. రెండో దశను అదుపుచేసే వ్యవస్థలో ఒక వాల్వు ఇరుక్కుపోయి ఆమ్లం కారిపోవడమే అందుకు కారణం. 2010 డిసెంబరు 25న జీఎస్ఎల్‌వీ-ఎఫ్06 పోయింది కనెక్టర్లు ఊడి. పైనున్న కంప్యూటర్ ఆజ్ఞలు కిందికి అందలేదు, దారితప్పిన రాకెట్టును నేల మీద నుంచే పేల్చేశారు. రెండుసార్లూ కొంప ముంచింది పెద్ద భాగం కాదు, ఫొటోలో కూడా కనబడని చిన్న భాగం. ఆ తర్వాత కూడా ఇస్రో వాళ్ళు పొదుపు మానలేదు. మంగళయాన్ ఖర్చు 450 కోట్లే. అయితే ఆ పొదుపు అప్పటికే ఎన్నోసార్లు ఎగిరి నమ్మకం సంపాదించిన పీఎస్ఎల్‌వీని మళ్ళీ వాడుకోవడంలో చేశారు, నట్లు బోల్టుల దగ్గర కాదు. "ప్రయోగానికి ముందు వాళ్ళూ సూళ్లూరుపేట గుళ్ళో చెంగాళమ్మకు మొక్కుతారుగా?" అనొచ్చు. మొక్కుతారు, తిరుమల కొండకూ వెళ్తారు. సమీక్షలన్నీ అయ్యాక వెళ్తారు. మన కుర్రాడు సమీక్షకు బదులుగా కొబ్బరికాయ కొడతాడు.

వాళ్ళు చేసే పని మనకూ అందుబాటులోనే ఉంది. 200 టన్నుల ఇంధనం పట్టే ఎస్200 రాకెట్ మోటారును 2014లో ఎగరేయడానికి ముందే, 2010 జనవరి 24న శ్రీహరికోటలో కదలకుండా బిగించి మండించి చూశారు. సైకిల్‌ను తలకిందులు చేసి, అలాగే కదలకుండా స్తంభానికి గట్టిగా కట్టి, బ్రేకు లివరును తాడుతో బిగించి, వెనక చక్రం వెనక అంచుకు ఒక సిమెంటు బస్తా వేలాడదీయండి. బస్తా 50 కిలోలు, అడాప్టర్ మీద పడేది 200 దాటుతుంది, వెనక చక్రానికి రోడ్డు మీద అవసరమైనదానికి రెట్టింపు. ఇల్లు కడుతున్నవాళ్ళు వీధికొకరు ఉంటారు కాబట్టి ఖర్చు సున్నా. డిస్కు జారితే అడాప్టర్‌కు మార్కులు రావు, కేబుల్ బిగించి మళ్ళీ పెట్టాలి. ప్లేటు వంగితే బస్తా నేల మీద కూర్చుంటుంది, కుర్రాడి మోకాళ్ళు క్షేమం. వంగకపోతే ఒక రాత్రి అలాగే వదిలేసి, పొద్దున రంధ్రాల మధ్య దూరం మళ్ళీ కొలిచి, మేస్త్రీ పనిలోకి దిగేలోపు బస్తా ఆయనకు అప్పజెప్పాలి.