గ్రేట్

"లాహోర్ కుర్రాడు కొట్టగా లేనిది, హైదరాబాదు వాళ్లం మనం కొట్టలేమా?" అన్నారు మా పక్క టీమ్ మేనేజరు గారు.

2019 ఫిబ్రవరిలో అర్స్‌లాన్ యాష్ అనే పాకిస్తానీ నానా తిప్పలు పడి జపాన్ చేరి, ఫుకుఓకాలో జరిగిన ఎవో జపాన్ గేమింగ్ పోటీల్లో టెక్కెన్ 7 అనే ఫైటింగ్ గేమ్ టైటిల్ ఎగరేసుకుపోయాడు. ఆ వార్త చదివిన మర్నాడే మేనేజరు గారు ఏప్రిల్‌లో మాదాపూర్‌లో జరగబోయే టెక్కెన్ పోటీకి పేరిచ్చేశారు. జీవితంలో మొదటి పోటీ.

ఆట ఆయనకు కొత్తేం కాదు. చదువుకునే రోజుల్లో అమీర్‌పేట గేమింగ్ పార్లర్లలో టెక్కెన్ 3 ఆడినవారే. అప్పట్లో అందరూ చేసిందే ఆయనా చేసేవారు. ఎడ్డీ గోర్డోని ఎంచుకుని, కాళ్ల బటన్లు రెండూ ఎడాపెడా కుమ్మేయడం. ఎడ్డీ తలకిందులుగా గిరగిరా తిరుగుతుంటే ఎక్కడో ఒకచోట తగిలేది. ఈసారి ఆ నాటు వైద్యం పనికిరాదని, శాస్త్రోక్తంగా మొదలుపెట్టారు.

ఆ శాస్త్రం నిజంగానే ఉంది. ఆట సెకనుకి 60 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. మామూలు జాబ్ (చిన్న గుద్దు) తగలడానికి 10 ఫ్రేములు, అంటే సెకనులో ఆరో వంతు. ఎదుటివాడి దెబ్బను మనం కాచుకున్నాక, వాడు తేరుకోవడానికి మనకన్నా 10 ఫ్రేములు ఎక్కువ పట్టిందంటే ఆ సందులో మన జాబ్ తగిలి తీరుతుంది, వాడు ఏ బటన్ నొక్కినా లాభం లేదు. ఏ దెబ్బకు ఎన్ని ఫ్రేముల తేడా అన్నది ఆయన ఎక్సెల్ షీట్‌లో ఎక్కించి, ప్రింటు తీసి, మానిటర్ పక్కన అంటించుకున్నారు. మార్చి నెల కావడంతో టీమ్‌కి రేటింగులు వేసే ఫారాలు కూడా అదే టేబుల్ మీద ఉండేవి. సాయంత్రం ఆరయ్యేసరికి వాటిని పక్కకు నెట్టి, క్యాంటీన్ పక్క గదిలో ప్లేస్టేషన్ ముందు కూర్చునేవారు.

ప్రాక్టీసుకి ఎదురుగా మనిషి కావాలి కదా. టీమ్‌లో పిల్లలున్నారు.

టెస్టింగ్ చేసే అమ్మాయి కింగ్‌తో ఆడేది. జాగ్వార్ మొహం తొడుక్కున్న ఆ కుస్తీవాడి పట్టు విడిపించుకోవడం అంత తేలిక కాదు. ఎడమ చెయ్యి చాస్తే ఎడమ చేతి బటన్, కుడిదైతే కుడి, రెండూ చాస్తే రెండూ కలిపి నొక్కాలి, అదీ అర సెకను లోపు. మేనేజరు గారు అరచెయ్యి పొక్కులు పోయేదాకా అది సాధన చేశారు. కొత్తగా చేరిన కుర్రాడొకడు మాత్రం పాతకాలపు ఎడ్డీని పట్టుకుని బటన్లు కుమ్మేవాడు. "అదేం ఆటరా, ఫ్రేములు నేర్చుకో" అని వాడికి ఈయన క్లాసు పీకేవారు. వాడు బుద్ధిగా తల ఊపేవాడు.

ఆ గదిలో ఆటలన్నీ ఉత్కంఠగానే నడిచేవి. ఈయనది పాల్, జుట్టు నిటారుగా లేచి ఉండే బండమనిషి. చివరి రౌండు, ఇద్దరికీ ప్రాణం వెంట్రుక వాసి. అంతదాకా ఆచితూచి ఆడిన పిల్లలు సరిగ్గా అప్పుడే పాల్ కొట్టే డెత్‌ఫిస్ట్ గుద్దుకి ఎదురెళ్లేవారు. చావు తప్పి కన్ను లొట్టపోయి గెలిచినవాడికి టెక్కెన్‌లో తెర మీద 'గ్రేట్' అని పడుతుంది. అది పడ్డప్పుడల్లా గదిలో చప్పట్లు. "అబ్బ, కొంచెంలో పోయింది సార్" అనేవాడు ఎడ్డీ కుర్రాడు.

నేను పక్క టీమ్ కాబట్టి చప్పట్లు కొట్టాల్సిన అవసరం లేకపోయింది. టీ తాగుతూ చూసేవాణ్ని.

పోటీ నిబంధనలు కూడా ఆయన వదల్లేదు. కంట్రోలర్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. మధ్యలో ఎవరివల్ల ఆట ఆగినా రౌండు అవతలివాడిదే. అందుకని బ్లూటూత్‌ని నమ్మకుండా మూడు మీటర్ల కేబుల్ కొన్నారు. ఒకసారి ఓడితే ఇంటికి పోనక్కర్లేదు, లూజర్స్ బ్రాకెట్‌లో ఇంకో అవకాశం ఉంటుంది, రెండోసారి ఓడితేనే సెలవు. "ఆ బ్రాకెట్‌తో మనకు పనిలేదు లెండి" అన్నారు.

ఏప్రిల్‌లో ఆ ఆదివారం రానే వచ్చింది. గోడ మీద డ్రా చూసి ఆయన మొహం వెలిగిపోయింది. మొదటి మ్యాచ్ ఎవరితోనో కాదు, మన ఎడ్డీ కుర్రాడితోనే.

"ఏరా, చెప్పనే లేదు నువ్వూ ఆడుతున్నావని!"

"ఏదో సరదాగా సార్." వాడు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "సార్, ఒక్క మాట. రేటింగులు హెచ్‌ఆర్‌కి వెళ్లిపోయాయా?"

"శుక్రవారమే పంపేశాను. ఇక మార్చడానికి నా చేతుల్లో కూడా లేదు. నీకు మంచిదే వేశాన్లే, కంగారు పడకు."

"చాలా థ్యాంక్స్ సార్."

వాడు బ్యాగు జిప్పు తీసి, ట్రే అంత ఆర్కేడ్ స్టిక్ ఒకటి ఒళ్లో పెట్టుకున్నాడు. అరచెయ్యి ఆనే చోట దాని రంగు పూర్తిగా లేచిపోయి, కింది రేకు కనిపిస్తోంది. తెర మీద కర్సర్ ఎడ్డీని దాటి వెళ్లి కజూయా మీద ఆగింది.

మొదటి రౌండు అయ్యాక తెర మీద పడిన మాట మా ఆఫీసు టీవీ ఎన్నడూ చూపించనిది: 'పర్‌ఫెక్ట్'. ఒక్క దెబ్బ కూడా తినకుండా గెలిస్తేనే అది పడుతుంది. రెండో రౌండుకీ అదే పడింది. మూడు మీటర్ల కేబుల్ చుట్టుకుంటూ మేనేజరు గారు లేచి, లూజర్స్ బ్రాకెట్ ఏ టేబుల్ దగ్గరో కనుక్కుని వెళ్లారు.

అక్కడ కంట్రోలర్ తగిలించుకుని మా టెస్టింగ్ అమ్మాయి కూర్చుని ఉంది.

"నాదీ పంపేశారా సార్?" అంది.