సెకనుకు నాలుగు దెబ్బలు

బాలాపూర్ గణపతి లడ్డూ బరువు 21 కిలోలు. 1994లో 450 రూపాయలతో మొదలైన దాని వేలంపాట ఇప్పుడు లక్షల్లో నడుస్తోంది. ఆ పక్కనే బడంగ్‌పేటలో, మా ఇంటి కారు పార్కింగులో, సరిగ్గా అంతే బరువున్న ఇనుపదిమ్మ ఒకటి సెకనుకు నాలుగుసార్లు లేచి పడుతుంటుంది. దీన్ని వేలం వేస్తే పాడేవాడు ఒక్కడే. "పాత ఇనుప సామాన్లు కొంటాం" అని మైకులో రికార్డు పెట్టుకుని మా గల్లీలో తిరిగే ఆటో అతను. ఈ మధ్య మా గేటు దగ్గరికి రాగానే అతను బండి స్లో చేస్తున్నాడు. మా ఆవిడ అతనితో ఏదో మాట్లాడుతుండగా చూశాను కూడా. నన్ను చూసి ఇద్దరూ మాట మార్చారు.

ఆ యంత్రం పేరు పవర్ హామర్. కరెంటు సమ్మెట అనుకోండి. కొలిమిలో కాలిన ఇనుమును కింద పెడితే, మనిషి భుజాలు పడిపోయేలా ఎత్తి కొట్టే పనిని మోటారు చేస్తుంది. కొత్తది కొనే స్తోమత నాకు లేదు. స్తోమత లేదని ఇంట్లో ఒప్పుకునే అలవాటు అంతకన్నా లేదు. అందుకని తుక్కు సామానుతో నేనే కట్టాను. నా ఉద్యోగం ఒక ఆఫీసులో లెక్కలు చూడటం. నా చేతికి అంతవరకు కాసిన కాయ ఒక్కటే, అదీ పెన్ను పట్టుకునే వేలికి.

పిచ్చి పట్టింది కత్తిపీట వల్ల. దాని పదును పోయిందని, ఇబ్రహీంపట్నం పోయే దారిలో ఓ కొలిమికి తీసుకెళ్లాను. ముసలాయన పట్టకారుతో ఇనుము పట్టుకుని చిన్న సుత్తెతో కూర్చున్నాడు. ఆయన భార్య కొంగు బిగించి సమ్మెటతో నిలబడింది. ఆయన చిన్న సుత్తె ఎక్కడ తాకితే ఆమె సమ్మెట సరిగ్గా అక్కడే దిగుతోంది. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. చివరికి ఆయన సుత్తె ఇనుమును వదిలి, దాని కింది ఉత్త దాగలి దిమ్మ మీద టింగుమంది. ఆపమని దాని అర్థం. ఆమె ఆపింది. మాట లేకుండా మొగుడి మనసు తెలుసుకునే ఇల్లాలిని నేను చూడటం అదే మొదటిసారి. ఆ ఆవేశంలో ఇంటికొచ్చి మా ఆవిడను అడిగాను, సమ్మెట కొడతావా అని.

"సమ్మెట కొట్టుడు మా వంశంల లేదు. మీ వంశంల ఉంటే మీ అమ్మను అడుగుండ్రి" అంది.

వరండాలో కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న మా అమ్మ ఆ మాటను నిజంగానే తీసుకుంది. "మోకాళ్లు మంచిగుంటే కొడుదును బిడ్డా" అంది.

అదిగో, అలా మనిషి దొరకక మెషీను కావలసివచ్చింది. ఇదే సంగతిని మా ఆవిడ చుట్టాల దగ్గర ఇంకోలా చెబుతుంది: "నేను కొట్టనన్నందుకు మోటారును కట్టుకున్నడు."

మొదట్లో ఆమెను చరిత్రతో లొంగదీయాలని చూశాను. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు ఇంత దూరం వచ్చేవారని, ఆ ఉక్కుతో చేసిన కత్తులు డమాస్కస్ పేరుతో లోకమంతా మోగాయని, 1820ల నాటికి కూడా ఆ కొలుములు మండుతుంటే వాయ్సీ అనే ఇంగ్లీషు డాక్టరు చూసి రాసిపెట్టాడని చెప్పాను. ఆమె మొత్తం విని, "గంత ఉక్కున్న రాష్ట్రంల మనింట్ల ఉల్లిగడ్డ తెగుతలేదు" అంది.

నాస్మిత్ కథ మాత్రం నా కోసం నేనే చెప్పుకున్నాను. 1839లో ఇంగ్లండులో కడుతున్న ఒక పెద్ద ఓడకు లావాటి ఇరుసు కావలసివచ్చింది. దాన్ని కొట్టగల సుత్తె ఎక్కడా లేదు. జేమ్స్ నాస్మిత్ కూర్చుని ఆవిరితో నడిచే సుత్తె బొమ్మ గీశాడు. ఈలోగా ఓడవాళ్లు మనసు మార్చుకుని పక్క చక్రాలు మానేసి వెనక పంకా పెట్టుకున్నారు. ఇరుసు అక్కర్లేకపోయింది. సుత్తె మాత్రం మిగిలింది. ఏ పనికని పుట్టిందో ఆ పనే లేకుండా పోయాక కూడా బతికిపోయిన యంత్రమది. అలాంటిది నా ఇంట్లోనూ ఒకటి ఉండాలనిపించింది.

సామాను వేట వనస్థలిపురం ఆటోనగర్‌లో మొదలైంది. లారీ కమాన్ కట్టలు చూపించమంటే, దుకాణం అతను "ఏ బండికి సాబ్?" అన్నాడు. బండికి కాదు, సుత్తెకు అన్నాను. అతను లోపలికెళ్లి ఇంకో ఇద్దరిని పిలుచుకొచ్చాడు. సామాను చూపించడానికని నేను అనుకున్నాను. వాళ్లకు నన్ను చూపించడానికట.

దాగలి దగ్గర అసలు చిక్కొచ్చింది. పైన పడే దిమ్మకు పదింతలన్నా, వీలైతే పదిహేనింతలు బరువున్న దాగలి కింద ఉండాలి. లేకపోతే దెబ్బ ఇనుములో దిగదు, భూమిలోకి పోతుంది. అంటే నాకు 210 నుంచి 315 కిలోల ఉక్కు కావాలి. ఊళ్లలో చాలా కొలుముల దగ్గర రైలుపట్టా ముక్కే దాగలి. ఒక కబాడీ దుకాణంలో గోనెసంచి తీసి అలాంటిదే చూపించారు. గోనెసంచి కింద దాచి చూపించే వస్తువేదైనా కొనేముందు ఇంట్లో అడగాలన్నది మా ఇంటి రూలు. అడిగాను. రైల్వేలో పనిచేసే మా తోడల్లుడికి ఫోను వెళ్లింది. రైల్వే సొత్తు అక్రమంగా ఇంట్లో పెట్టుకుంటే పట్టుకోవడానికి 1966 నుంచీ ఒక చట్టం ఉందట, మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలట. ఐదేళ్లు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది కదా అని మా ఆవిడ కాసేపు ఆలోచించింది కూడా. తర్వాత వద్దంది.

చివరికి మూతపడ్డ ఓ లేత్ షెడ్డులో 140 కిలోల ఉక్కు రౌండు దొరికింది, రసీదుతో సహా. ట్రాలీ ఆటోలోంచి దింపి, జీఐ పైపుల మీద దొర్లించుకుంటూ పార్కింగులోకి తెచ్చాం. దారిలో నాలుగు టైల్స్ పగిలాయి. కారు ఆ రోజే రోడ్డు మీదికి వెళ్లింది, ఇంతవరకు లోపలికి రాలేదు.

యంత్రం పనిచేసే తీరు చెప్పాలి, ఎందుకంటే నేను గర్వపడగలిగిన భాగం ఇదొక్కటే. మారుతీ 800 చక్రం ఒకటి, హబ్బు బేరింగులతో సహా నిలువుగా బిగించాను. రెండు హెచ్‌పీ మోటారుకు చిన్న రోలరు. మోటారు కూర్చున్న పలకకు మడతబందు ఉంది. కింద పెడల్ తొక్కితే పలక ఒరిగి, రోలరు టైరును ఒరుసుకుని తిప్పుతుంది. వదిలేస్తే ఆగుతుంది. మోటారు నిమిషానికి 1440 చుట్లు, రోలరు 85 మిల్లీమీటర్లు, టైరు 508. భాగిస్తే నిమిషానికి దాదాపు 240 దెబ్బలు. చక్రానికి నడిమధ్యలో కాక పక్కగా బిగించిన బోల్టు నుంచి ఒక రాడ్డు కమాన్ కట్టను ఒక కొస దగ్గర ఎత్తి దించుతుంది. కట్టకు మధ్యలో ఇరుసు ఉంది కాబట్టి రెండో కొసన వేలాడే దిమ్మ దిగి లేస్తుంది. అసలు కిటుకంతా కట్ట వంగడంలోనే ఉంది. జోరుగా తిప్పితే ఎక్కువ వంగి, దిమ్మ ఇంకా కిందికి దిగి గట్టిగా పడుతుంది. మెల్లగా తిప్పితే వంగదు, దిమ్మ ఆనీ ఆనకుండా పైకి పోతుంది. దెబ్బ ఎంత పడాలన్నది మోటారు చేతిలో లేదు, తొక్కే పాదం చేతిలో ఉంది. ఈ వాక్యం నేను కాగితం మీద రాసుకున్నాను, గోడకు అంటించాను. నా పాదం మాత్రం చదవలేదు.

స్విచ్చి వేసిన రోజు మోటారు తిరగడానికి ముందు ఇంట్లో దీపాలన్నీ ఒక్కసారి తల దించుకున్నాయి. ఇలాంటి మోటారు నడిచేటప్పుడు పది ఆంపియర్లు తాగితే, లేచేటప్పుడు ఐదారింతలు తాగుతుంది. పైన అద్దెకుండే వాళ్ల ఫ్రిజ్ స్టెబిలైజరు టక్కుమంది, ఆ వెంటనే వాళ్ల బాల్కనీ తలుపు కూడా. కమాన్ కట్ట ముక్కను పక్కనే పెట్టుకున్న కొలిమిలో నారింజ రంగు వచ్చేదాకా కాల్చి దాగలి మీద పెట్టాను. దాని మీద నల్లటి పొర చిట్లుతూ లేస్తోంది. మొదటి దెబ్బకు ఆ పొర పొట్టు రాలినట్టు రాలి, లోపల నుంచి ఇంకా కాంతిగా ఇనుము బయటపడింది. ఆ అందానికి పరవశించి పెడల్ మీద కాలు తీయడం మరిచాను. రెండు సెకన్లు. ఎనిమిది దెబ్బలు. కత్తి కావలసింది రేకైంది. ఆ రేకును మా అమ్మ తులసికోటలో దీపం ఆరిపోకుండా గాలికి అడ్డం పెట్టింది. కొడుకు ప్రయోజకుడయ్యాడని ఆమెకు ఆ రోజే నమ్మకం కుదిరింది.

దాగలి బరువు చాలలేదు కదా, మిగిలిన దెబ్బంతా నేలలోకి పోయింది. మా నేలలో ఉన్నది సంపు. మా ఆవిడ మూత తీసి పిలిచి చూపించింది. కృష్ణా నీళ్లు వచ్చిన రోజు, నిండుగా ఉంది. నేను కొట్టిన ప్రతి దెబ్బకూ నీటి మీద ఒక వలయం లేచి గోడలకు తగిలి వెనక్కి వస్తోంది. "సంపు పగిల్తే ట్యాంకరు పైసలు మీ మోటారు ఇస్తదా?" అంది. దాగలి కింద ఇసుకపెట్టె, దాని కింద పాత కన్వేయర్ బెల్టు ముక్కలు చేరాయి. ఎదురింటి కుర్రాడు ఫోనులో ఏదో యాప్ తెరిచి, ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్ మించకూడదని, తన గేటు దగ్గరే 80 చూపిస్తోందని మర్యాదగా చెప్పాడు. మర్యాదగా చెప్పేవాడితో పోట్లాడటం కష్టం. రోజుకో అరగంట, అదీ స్కూళ్ల వేళలో మాత్రమే అని ఒప్పందమైంది.

వెనక వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, మిధానీలో పనిచేసి రిటైరయ్యారు. మిధానీ ఉన్న కంచన్‌బాగ్ మా ఇంటికి ఆటో దూరంలోనే. 1973లో పెట్టిన ఆ సంస్థలో 6000 టన్నుల ఫోర్జ్ ప్రెస్సుంది. టైటానియం, సూపర్ అల్లాయ్‌ల దిమ్మలను అది పిండి ముద్దల్లా వత్తుతుందని ఆయనే చెప్పారు. నా యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "దీంతో ఏం చేస్తారు?" అన్నారు. కత్తిపీట అన్నాను. ఆయన టీ పూర్తిగా తాగి, కప్పు కింద పెట్టి, వాతావరణం గురించి మాట్లాడారు.

నాస్మిత్ తన ఆవిరి సుత్తెతో వైన్ గ్లాసులో పెట్టిన గుడ్డును, గ్లాసుకు గీత పడకుండా, పైపెంకు మాత్రం పగలగొట్టి చూపించేవాడట. ఈ సంగతి మా అబ్బాయికి చెప్పి ఉండకూడదు. వాడు వంటింట్లోంచి గుడ్డు తెచ్చాడు. ఫలితాన్ని గోడ మీద నుంచి, పైకప్పు మీద నుంచి తుడుస్తుంటే మా ఆవిడ వచ్చి నిలబడింది. గుడ్డు వంక చూడలేదు, నా కాలి వంక చూసింది.

"మీరు పెడల్ తొక్కుతలేరు. తంతున్నరు."

ఆమె పెళ్లికి ముందు నుంచీ కుట్టుమెషీను తొక్కుతోంది. బ్లౌజు మెడ వంపు దగ్గర సూదిని ఒక్కొక్క కుట్టుగా దించడం ఆమె పాదానికి తెలుసు. నేను కారు యాక్సిలరేటరుతో పెరిగిన మనిషిని. ఆమె నా బూట్లు వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, గేటు ముందు చెట్టు నుంచి రాలిన బాదంకాయ ఒకటి దాగలి మీద నిలబెట్టింది. పాదం కొద్దిగా వంచింది. టైరు బద్ధకంగా కదిలింది. దిమ్మ దిగి, ఆనింది, పోయింది. మళ్లీ. మూడోసారికి పెంకు రెండుగా విడిపోయింది. లోపలి పప్పు గీత లేకుండా బయటికొచ్చింది. మా అబ్బాయి అది తిన్నాడు. నేను పట్టకారు పట్టుకుని నిలబడ్డాను.

ఆ తర్వాతి ఏర్పాటు ఇలా ఉంది. ఇనుము పట్టుకునేది నేను, పెడల్ ఆమెది. ఆమె కొట్టనంటే కదా నేను మెషీను కట్టింది. ఇప్పుడు కొట్టేది ఆమే, పైగా మోటారుతో. నేను ఎక్కడ కొట్టాలో చిన్న సుత్తెతో చూపిస్తే, "కనబడుతుంది తియ్యుండ్రి" అంటుంది. కత్తిపీట మాత్రం తయారైంది. లారీ కమాన్ కట్ట ఉక్కు తేలికగా లొంగదు గానీ, లొంగాక పదును నిలుస్తుంది. అయస్కాంతం అంటుకోవడం మానేదాకా, అంటే 770 డిగ్రీలు దాటేదాకా కాల్చి నూనెలో ముంచాలి. నేను చేతికందిన పల్లీనూనె డబ్బా వంచాను. గల్లీ అంతా మిరపకాయ బజ్జీల వాసన వచ్చింది, ఎదురింటి కుర్రాడు ఆ ఒక్కరోజు డెసిబెల్స్ అడగకుండా ప్లేటు అడిగాడు. నూనె ఖరీదు నా నెల ఖర్చుల్లో విడిగా రాసి ఉంది, ఎర్ర ఇంకుతో.

ఉల్లిగడ్డ తెగుతోంది. అది చూసి చుట్టుపక్కల ఇళ్ల నుంచి మొద్దుబారిన కత్తిపీటలు రెండు మూడు వచ్చాయి. అవి ఇచ్చేవాళ్లు నన్ను దాటుకుని లోపలికి వెళ్లి "అక్క ఉన్నదా?" అని అడుగుతున్నారు. సంపులో వలయాలు మాత్రం ఇంకా లేస్తూనే ఉన్నాయి, దాగలి బరువు పదింతలకు కూడా చేరలేదు కాబట్టి. చదివేవాళ్లలో ఎవరి దగ్గరైనా 175 కిలోల ఉక్కు దిమ్మ ఊరికే పడి ఉంటే దయచేసి చెప్పండి, ట్రాలీ ఆటో నేనే తెచ్చుకుంటాను. రసీదు ఉండాలి. రైలుపట్టా మాత్రం వద్దు.